తాతయ్య ఆకు ఇవ్వనన్న ఆదివారం

నా చిన్నప్పుడు ఆదివారం తెల్లవారేసరికి మా ఇంటి ముందు పందిట్లో కుక్క కరిచినవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. ఒక్కో వారం ఇద్దరు ముగ్గురు, ఒక్కో వారం పదిమంది. చిత్తూరికి పది మైళ్ళ దూరంలో, మామిడి తోటల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. కుక్క కాటుకు ఆకు మందు ఇవ్వడం మా ఇంటి విద్య. మా తాతయ్య తండ్రి ఇచ్చాడు, ఆయన తండ్రీ ఇచ్చాడు. అది ఏ ఆకో ఇంటి ఆడవాళ్ళకు కూడా చెప్పేవాళ్ళు కాదు. తాతయ్య, ఆయన అన్న అయిన మా పెద్దతాత, ఇద్దరూ శనివారం సాయంత్రం గుట్ట మీదికి వెళ్ళి కోసుకొచ్చేవాళ్ళు. ఆదివారం పొద్దున్నే నూరి, ఉండలు చేసి, వచ్చినవాళ్ళ చేత పరగడుపున మింగించేవాళ్ళు. ఆ తర్వాత నలభై రోజులు పథ్యం.

నాకు అదంతా గొప్పగా ఉండేది. బస్సులో కండక్టరు నన్ను చూసి "కుక్క మందు వాళ్ళింటి పాప" అని నలుగురికీ చెప్పేవాడు. బడిలో ఎవరితోనైనా గొడవపడితే, రేపు నిన్ను కుక్క కరిస్తే మా తాత చేత మందు ఇప్పించను అని బెదిరించేదాన్ని. నాకే ఆ అవసరం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. చెరుకు కొట్టే రోజులు. ఊరి బయట బెల్లం వండే కొట్టం దగ్గర ఒక నల్ల కుక్క ఉండేది. పాకం కాగే పెనంలో తేలిన మడ్డి తీసి పారబోస్తుంటే నాకుతూ, ఎవరు వెళ్ళినా తోక ఊపుతూ తిరిగేది. ఒక శనివారం మధ్యాహ్నం వేడి బెల్లం కోసం అక్కడికి వెళ్ళాను. ఆ రోజు అది తోక ఊపలేదు. నోటి వెంట చొంగ కారుతోంది, నడక తూలుతోంది. నేను దాన్ని పేరు పెట్టి పిలిచాను. తల వంచుకుని నేరుగా వచ్చి నా పిక్క పట్టుకుంది.

బెల్లం వండే మామ చేతిలోని గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మాకు చుట్టం కాదు, ఊరి వరసకు మామ. రెండు చేతులతో దాని దవడలు విడదీశాడు. నా కాలు వదిలించాడు గానీ దాని పళ్ళు ఆయన అరచేతిలో దిగాయి. కుక్క పక్కనున్న నీళ్ళ వంక వైపు పారిపోయింది. మామ తన చెయ్యి కూడా చూసుకోకుండా నన్ను భుజాన వేసుకుని మా ఇంటికి తెచ్చాడు.

తాతయ్య నా కాలు చూశాడు. కుక్క ఎట్లా ఉందని అడిగాడు. చొంగ సంగతీ, తూలడం సంగతీ మామ చెప్పాడు. తాతయ్య నన్ను నీళ్ళ తొట్టి దగ్గర కూర్చోబెట్టి, బట్టలు ఉతికే సబ్బుతో గాయాన్ని కడగడం మొదలుపెట్టాడు. అవ్వ నీళ్ళు తోడి పోస్తూనే ఉంది, ఆయన రుద్దుతూనే ఉన్నాడు. మంటకు నేను అరుస్తుంటే చాలిక అని అమ్మ ఏడ్చింది. ఆయన ఆపలేదు. తర్వాత మామ చెయ్యి కూడా అట్లాగే కడిగాడు. నాకు వింతగా అనిపించింది. పందిట్లో ఎవరి గాయాన్నీ ఆయన సబ్బుతో కడగడం అంతకుముందు నేను చూడలేదు. ఆ సాయంత్రం పెద్దతాత ఒక్కడే గుట్టకు వెళ్ళాడు.

మరునాడు పొద్దున తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని నన్ను ఎత్తుకున్నాడు. మొదటి బస్సుకు చిత్తూరు పోతున్నామని చెప్పాడు. పందిట్లో అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. బెల్లం మామ కూడా చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మా నాయన కిటికీలోంచి వాళ్ళను చూసి గొంతు తగ్గించి అన్నాడు.

"వెనక దోవన తోటలో పడి పోదాం నాయనా. బస్సు ఆడ కూడా నిలబెడతాడు. వీళ్ళ కంట పడితే బాగుండదు."

"ఎందుకు? దొంగతనం చేస్తా ఉండామా?" అన్నాడు తాతయ్య.

వీధి తలుపు తీసి, నన్ను ఎత్తుకుని, పందిట్లోకే నడిచాడు. పెద్దతాత రోలు ముందు కూర్చుని ఆకు నూరుతున్నాడు. తలెత్తి చూసి, చేతిలోని పొత్రం ఆపాడు.

"యాడికిరా?"

"సిత్తూరికి. ఆసుపత్రికి. బిడ్డకి సూదులు ఏయించాల."

"మందు ఈడ పెట్టుకోని ఆడికి పోతావా? నలుగురూ సూస్తా ఉండారు."

"సూడాలనే ఈ దోవన వచ్చినాను."

అట్లా అని తాతయ్య వాళ్ళ వైపు తిరిగాడు. ఆయన గుండె కొట్టుకోవడం నా చెంపకు తెలుస్తోంది.

"మీకందరికీ సెప్తా ఉండా. నా మనవరాలికి ఈ ఆకు ఇయ్యను. నా బిడ్డకి ఇయ్యని మందు ఇన్నాళ్ళూ మీ బిడ్డలకి ఇచ్చినాను. అది నా తప్పు. ఈ పొద్దు నుంచి ఇయ్యను. ఆసుపత్రిలో సూదులు ఉండాయి. రాండి, నేనే తీసకపోతాను."

ఎవరూ కదల్లేదు. వెనక కూర్చున్న ఒక ముసలాయన, "ఏమప్పా, మరి నీ ఆకుతో బాగయినోళ్ళ సంగతేంది?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"వాళ్ళను కరిసింది పిచ్చికుక్క కాదు. నేను ఇచ్చినా బతుకుతారు, ఇయ్యకపోయినా బతుకుతారు. పిచ్చిది కరిసినోళ్ళు నా సేతి మందు తిని కూడా సచ్చినారు. పథ్యం తప్పినారని సెప్పినాం. సచ్చినోళ్ళు తిరిగొచ్చి మేము తప్పలేదని సెప్పరు గదా."

పెద్దతాత లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం నల్లబడింది. "తాతల నాటి విద్యను వీధిలో పారేసినావు. ఇంక నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు. తాతయ్య అన్నకు చేతులు జోడించాడు. ఆ దండంలో క్షమించమని అడగడం లేదని అంత చిన్నదాన్ని నాకే అర్థమైంది.

చివరికి పక్క ఊరి తల్లి ఒకావిడ నాలుగేళ్ళ కూతుర్ని చంకన వేసుకుని లేచింది. ఆమె ఒక్కతే. తాతయ్య బెల్లం మామ ముందు గొంతుకూర్చుని, అతని మంచి చెయ్యి పట్టుకున్నాడు. నా బిడ్డను కాపాడినావు, నువ్వు రాకపోతే ఎట్ల అని బతిమాలాడు. మామ సిగ్గుపడ్డాడు. తన కంటే పెద్దాయన తన ముందు అట్లా కూర్చోవడం ఆయనకు కష్టంగా ఉంది.

"మా నాయన్ని కరిసినప్పుడు నువ్వే గదా మామా మందిచ్చినావు. ఇప్పుడు కూడా దున్నుతా ఉండాడు. నాకేం కాదులే. పొయ్యి ఆరిపోతే పాకం చెడిపోతాది."

బస్సు హారను వినిపించింది. మేము వెళ్ళిపోయాం.

బస్సులో తాతయ్య ఒడిలో కూర్చుని, మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఇచ్చినావు అని అడిగాను. పిల్లలు అడిగినట్టే అడిగాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు. రెండేళ్ళ కిందట కొత్తగా పెళ్ళయిన ఒక కుర్రవాడికి మందు ఇచ్చాడు. నెలన్నర తర్వాత అతను నీళ్ళు చూస్తే వణికిపోతూ చచ్చిపోయాడు. పథ్యం తప్పి ఉంటాడని పెద్దతాత అన్నాడు. అప్పుడు ఆ పెళ్ళికూతురు మా పందిట్లోకి వచ్చి నిలబడి, నలభై రోజులూ నా చేత్తో వండి పెట్టినాను, ఉప్పు రాయి కూడా తగలనీయలేదు అంది. తాతయ్య ముఖంలోకి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు భరించలేక తాతయ్య చిత్తూరు ఆసుపత్రికి వెళ్ళి డాక్టరును అడిగాడు. కరిచే కుక్కలన్నీ పిచ్చివి కావనీ, పిచ్చిదే అయితే జబ్బు తలకెక్కకముందే సూదులు వేయాలనీ, ఎక్కాక దేవుడు కూడా ఏమీ చేయలేడనీ ఆ డాక్టరు చెప్పాడు.

"తెలిసి కూడా రెండేండ్లు నోరు మూసుకున్నా. అన్నకు బయపడి, ఊరికి బయపడి. నిన్ను కరిసేదాకా నాకు నోరు రాలేదు సూడు, అది ఇంకో తప్పు" అన్నాడు.

పెద్దవాళ్ళు తప్పు చేస్తారని నాకు తెలుసు. కానీ ఒక పెద్దాయన తన తప్పును తొమ్మిదేళ్ళ పిల్లకు దాచకుండా చెప్పగా వినడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు నా కాలు చూసి, గాయం కడిగింది ఎవరని అడిగాడు. మంచి పని చేశావన్నాడు. తర్వాత తాతయ్య చేతులు తిప్పి చూశాడు. పార పట్టిన చేతులు, నిండా పగుళ్ళు. కుక్క చొంగ ఈ పగుళ్ళకు తగిలి ఉంటుంది, నువ్వు కూడా వేయించుకో అన్నాడు. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. కాంపౌండరు స్పిరిటు దీపం మీద నీళ్ళలో సూదులు మరిగించేవాడు. ఆ బుడగల చప్పుడు వినగానే తాతయ్య వెనక దాక్కునేదాన్ని.

రోజూ మొదట తాతయ్య బల్ల మీద పడుకునేవాడు. ముడతలు పడిన ఆయన కడుపును కాంపౌండరు వేళ్ళతో పట్టుకుని ఎత్తితే నాకు నవ్వు వచ్చేది. ఆయన నా వైపు తిరిగి కన్ను కొట్టేవాడు. నా వంతు వచ్చేసరికి ఆ నవ్వు ఇంకా కొంచెం మిగిలి ఉండేది. ఆ పక్క ఊరి పాపకు కూడా అట్లాగే చేసి చూపించేవాడు. ఐదో రోజుకు మా కడుపులు వాచి, పావడా బొందు కూడా కట్టుకోలేకపోయాను. తొమ్మిదో రోజు ఇక రానని మంచం కింద దూరాను. తాతయ్య నన్ను లాగలేదు. తను కూడా నేల మీద పడుకుని, మంచం కింద నా ముఖం చూస్తూ, "నాకూ నొప్పిగానే ఉండాది మే. అయినా పోదాం. మనం ఈడ నిలిచిపోతే, సూసినారా వాళ్ళ వల్లనే కాలేదు అంటారు. ఇంకెవురూ పోరు" అన్నాడు. నేను బయటికి వచ్చాను. ఊరి మీద కోపంతోనే వచ్చాను.

ఊరు మమ్మల్ని వదల్లేదు మరి. బస్సు ఆగేచోట కూర్చున్నవాళ్ళు, మందు ఇచ్చేటోడే సూదులు పొడిపించుకుంటా ఉండాడే అని రోజూ నవ్వేవాళ్ళు. తాతయ్య తల దించుకునేవాడు కాదు. వాళ్ళ ముందే ఆగి, పైపంచె తొలగించి, వాచిన కడుపు చూపించి, పదకొండు అయినాయి, ఇంకా మూడు ఉండాయి అని లెక్క చెప్పేవాడు. బస్సు దిగగానే తిన్నగా బెల్లం కొట్టానికి వెళ్ళి, మామను మళ్ళీ బతిమాలేవాడు. నల్ల కుక్క వంకలో చచ్చి పడి ఉందని మూడో రోజే తెలిసింది. అది చెప్పినా మామ రాలేదు. గాయం మానిపోయిందని చెయ్యి చూపించాడు. నిజంగానే మానిపోయింది.

రెండు నెలలకు మామకు జ్వరం వచ్చింది. చేతిలో తిమ్మిరి అన్నాడు. తర్వాత నీళ్ళు మింగలేకపోయాడు. మమ్మల్ని అటువైపు పోనివ్వలేదు. తాతయ్య ఆయన్ని బండి మీద చిత్తూరుకు తీసుకెళ్ళి, చివరి దాకా దగ్గరే ఉన్నాడు. రెండు రోజులు. తిరిగి వచ్చి తొట్టి దగ్గర కూర్చుని, చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. నన్ను కాపాడిన మనిషి పోయాడు, నేను ఉన్నాను.

మామ పోయాకనైనా ఊరికి కళ్ళు తెరుచుకుంటాయని మా అమ్మ అనుకుంది. అట్లా జరగలేదు. తాతయ్య పందిట్లో అందరి ముందు విద్యను తక్కువ చేశాడు కాబట్టే ఆకుకు మహిమ పోయిందనీ, మామ చావు ఆయన పాపమేననీ అన్నారు. పెద్దతాత మందును తన ఇంటి ముందుకు మార్చుకున్నాడు. ఆదివారం జనం మా ఇల్లు దాటుకుని అక్కడికి పోయేవాళ్ళు. పెళ్ళిళ్ళకు మాకు పిలుపులు తగ్గాయి. మా నాయన ఒకసారి విసిగిపోయి, ఊరుకుంటే పోయేదానికి ఎందుకు నాయనా ఇదంతా అన్నాడు. ఊరుకున్నందుకే నా బిడ్డను కాపాడినోడు పోయినాడు, ఇంక ఊరుకోను అన్నాడు తాతయ్య.

ఊరుకోలేదు కూడా. ఆదివారం తెల్లవారేసరికి ఖాళీ పందిట్లో రెండు బిందెల నీళ్ళు, ఒక సబ్బు బిళ్ళ పెట్టుకుని కూర్చునేవాడు. పెద్దతాత ఇంటికి పోయేవాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడు. మందు ఆడనే తిందువులే, గాయం ఈడ కడుక్కోని పో అనేవాడు. కడుగుతూ కడుగుతూ బస్సు ఎన్ని గంటలకో చెప్పేవాడు. కొందరు తిట్టి పోయేవాళ్ళు. కొందరు కడుక్కుని పోయేవాళ్ళు. ఒక్కోసారి ఒకరు బస్సు ఎక్కేవాళ్ళు. ఆయనే టవలు భుజాన వేసుకుని వెంట పోయేవాడు. మొదటి రోజు మాతో వచ్చిన పక్క ఊరి తల్లి, తన ఊళ్ళో ఎవరిని కరిచినా మా ఇంటికే తీసుకొచ్చేది. పెద్దతాత మాత్రం పోయేదాకా తమ్ముడితో మాట్లాడలేదు. శవం లేచే ముందు తాతయ్య వెళ్ళి కాళ్ళ దగ్గర నిలబడితే, పెద్దతాత కొడుకులు ఆయన్ని పక్కకు జరగమన్నారు. ఆయన జరిగాడు, కానీ వెళ్ళిపోలేదు.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ళు. పంతులమ్మగా పనిచేసి, తిరుపతిలో స్థిరపడ్డాను. బొడ్డు చుట్టూ సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికి వేస్తారు, నాలుగైదు సార్లతో అయిపోతుంది. కాటు లోతైనదైతే గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. కరవకముందే వేసుకునే వీలు కూడా ఉంది. మా వీధి కుక్కలకు టీకాలు వేయడానికి పశువుల డాక్టర్లు వచ్చినప్పుడు వాటిని పట్టుకునేది నేనే కాబట్టి, ముందుగానే మూడు సూదులు వేయించుకున్నాను. కుక్క కరవకుండానే సూదులేంది, ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వారు. నవ్వనిచ్చాను. పోయిన ఏడాది ఒక పిల్లి గీరి రక్తం వచ్చింది. సబ్బుతో కడుక్కుని ఆసుపత్రికి బయలుదేరుతుంటే, ముందే వేసుకున్నావు కదా, మళ్ళీ ఎందుకు అన్నాడు మా అబ్బాయి. ముందు వేసుకున్నాను కాబట్టే ఇప్పుడు రెండుతో సరిపోతుందన్నాను. ఆ రోజు ఒకటి, మూడు రోజులకు ఇంకోటి వేయించుకునే వచ్చాను.

పోయిన నెల మా పక్క వాటాలో ఉండేవాళ్ళ కోడలు పిల్లను వాళ్ళు పెంచుకుంటున్న కుక్కపిల్లే కరిచింది. ఇంట్లోది, పాలు తాగేది, దానికేం ఉంటుందని వాళ్ళ అత్త పసుపు పెట్టింది. ఆదివారం ఏదో పల్లెకు వెళ్ళి ఆకు తినిపిస్తానంది. వద్దని నెమ్మదిగా చెప్పాను. మా ఇంటి విషయం మీకెందుకు అంది. అప్పుడు నేను నెమ్మదిగా చెప్పలేదు. ఆ అమ్మాయిని కుళాయి కిందికి తీసుకెళ్ళి పసుపంతా పోయేలా కడిగి, ఆటో ఎక్కించాను. ఆ అత్తగారు అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. మెట్ల మీద ఎదురైతే ముఖం తిప్పుకుంటుంది.

మా తాతయ్య దగ్గర నాకు మిగిలింది ఇదే. మంచివాళ్ళు అనిపించుకోవాలనే ఆశ నాకూ ఉంది, అందరికీ ఉంటుంది. కానీ నలుగురు మాట్లాడకపోయినా మనిషి బతకగలడని, సూది వేసుకోకపోతే బతకలేడని ఆ తొమ్మిదేళ్ళ వయసులోనే చూసేశాను. అందుకే ముఖాలు తిప్పుకున్నందుకు నేను కుంగిపోను. ఆ అమ్మాయికి మూడు సూదులు అయ్యాయి. చివరిది వచ్చే గురువారం. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి వాళ్ళ తలుపు కొడతాను. ఆ అత్తగారు తీస్తే, ఆవిడతోనే చెబుతాను, పిల్లను పంపమని.